ఆకలిని దెలుపు ఆంగ్లపదములు: ‘స్టార్వ్’ అను క్రియ యొక్క సరియైన ప్రయోగము



మన వార్షిక సంచికకు ఆంగ్లభాషాపాఠ మొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, విషయమునకై నేను వెదకవలసిన పని లేకపోయెను. ఈ యేటి వ్యాసపుస్తకములను దిద్దుచుండగా రెండు వాక్యములు నా కంటబడినవి. వానిని గూర్చియే యీ పాఠము.

మొదటి వాక్యమును వ్రాసిన బాలుడు తన సెలవుదినమును వర్ణించుచు, ఆటలో మునిగియుండుటచే మధ్యాహ్నభోజనము ఒక గంట యాలస్యమైనదని చెప్పి, ‘ఐ వాజ్ స్టార్వింగ్’ అని వ్రాసెను. రెండవ వాక్యమును వ్రాసినవాడు సాంచెలపై పనిచేయు కుటుంబములోని బాలుడు. నూలు రాక సాంచెలు నిలిచిపోయిన దినములను గూర్చి వ్రాయుచు, ‘వి ఫాస్టెడ్ ఫర్ టూ డేస్’ అనెను. రెండు వాక్యములందును కర్త, క్రియ, కాలము సరిగానే యున్నవి. వర్ణక్రమదోషము లేదు. కావున రెంటికిని సరియను గుర్తు పెట్టి నేను ముందునకు సాగితిని.

పుస్తకములను కట్టగట్టిన పిమ్మట రెండవ వాక్యము మరల మనస్సునకు వచ్చెను. ఆంగ్లమున ‘ఫాస్ట్’ అనగా, ఆహార ముండియు, వ్రతముచేతనో దీక్షచేతనో వైద్యుని యాజ్ఞచేతనో తినకుండుట. ఆ బాలుడు చెప్పదలచినది ఉపవాసము కాదు, పస్తు. ‘పస్తు’, ‘ఫాస్ట్’ అను మాటలకు చెవికి దోచు పోలిక తప్ప బంధుత్వము లేదు. ఆ పోలికయే బాలుని మోసగించినది; వానిని దిద్దవలసిన నన్నును మోసగించినది. మొదటి బాలుడు లేని బాధను కలిగినట్లు చెప్పెను. రెండవవాడు కలిగిన బాధను తన యిష్టముచే చేసిన వ్రతమువలె చెప్పెను. ఒకే విషయమును గూర్చి యిట్లు రెండు దిక్కులకు తప్పిపోవుట కవకాశ మున్నదని యెరిగి, ఆకలిని దెలుపు ఆంగ్లపదముల నొక్కొక్కటిగా మీకు వివరింపవలయునని తలచితిని.

1. మన మాటలు

పరభాషాపదమును తూచుటకు ముందు స్వభాషాపదమును తూచుట మేలు. తెలుగున ఆకలి యనునది ప్రతిదినము ప్రతివానికి గలుగు దేహధర్మము. దాని కన్నము దొరకినచో తీరును. ‘ఆకలి రుచి యెరుగదు’ అను సామెత దీనిని గూర్చినదే. అన్నము దొరకక పూట గడచినచో అది పస్తు. దొరకియు మానినచో అది ఉపవాసము. ఒక యింటికి గాక యొక ప్రాంతమున కంతకు తిండి కరవైనచో అది కరువు, కాటకము. సంస్కృతమునుండి వచ్చిన క్షామ శబ్దమునకు కృశించిన, చిక్కిన యని యర్థము. అనగా అది దేహమును జూచి పుట్టిన మాట. దుర్భిక్ష మనగా భిక్ష సైతము దొరకని కాలము. అది వీధిని జూచి పుట్టిన మాట.

పస్తునకును ఉపవాసమునకును గల భేదమును మన పల్లెలలో చదువురాని వృద్ధురాలు సైతము తప్పక పాటించును. ‘ఏకాదశినాడు పస్తుంటిని’ అని యామె యనదు. ‘పని లేక ఉపవాసము చేసితిమి’ అనియు ననదు. ఆ వివేకమును ఆంగ్లము వ్రాయునప్పుడును విడువరాదు.

2. హంగర్, హంగ్రీ

‘హంగర్’ నామవాచకము, ‘హంగ్రీ’ విశేషణము. తెలుగున ‘నాకు ఆకలి యగుచున్నది’ అందుము. ఇందు ఆకలియే కర్త. మనము ‘కు’ ప్రత్యయముతో నుందుము. ఆంగ్లమున మనుష్యుడే కర్త కావలయును: ‘ఐ యామ్ హంగ్రీ.’ కావున ‘ఐ యామ్ హంగర్’ అనుటయు, ‘టు మి హంగర్ ఈజ్ కమింగ్’ అనుటయు దోషములు. మన తరగతులలో ఈ రెండు దోషములును తరచుగా గానవచ్చును. ఆకలి మిక్కుటమైనచో ‘వెరీ హంగ్రీ’ అనుట చాలును. భోజనవేళ తప్పినవానికి ఇంతకు మించిన పదముతో పని లేదు.

ఈ విశేషణముతో నేర్పడిన ‘గో హంగ్రీ’ అను పలుకుబడిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనుడు. తిండి దొరకక పూట గడపుట యని దాని యర్థము. మన ‘పస్తుండుట’కు ఆంగ్లమున ఇంతకన్న దగ్గర మాట లేదు. ‘ది చిల్డ్రన్ వెంట్ హంగ్రీ’ అనగా పిల్లలు పస్తుండిరి.

3. ఫ్యామిష్డ్

ఇది లాటిను భాషలోని ‘ఫామెస్’ అను ఆకలివాచకమునుండి ఫ్రెంచిభాష ద్వారమున ఆంగ్లమున ప్రవేశించినది. కరువును దెలుపు ‘ఫ్యామిన్’ అను నామవాచకము దీని తోబుట్టువు. ఈ నామవాచకమును మనవారు కొందరు ‘ఫమైన్’ అని చదువుదురు, అది తప్పు. ‘ఫ్యామిష్’ అను క్రియ పూర్వము విరివిగా నుండెను గాని, యిప్పుడు ‘ఫ్యామిష్డ్’ అను రూపమే, అదియు విశేషణముగా, ఎక్కువగా వాడబడుచున్నది. వర్ణక్రమమున ‘ఎమ్’ అను నక్షరము ఒక్కటియే వ్రాయవలయును.

దీర్ఘకాలము తిండిలేక క్షీణించినవాడని దీని మూలార్థము. ‘ఫ్యామిష్డ్ రెఫ్యూజీస్’ అనగా తిండిలేక సోలిపోయిన శరణార్థులు. సంభాషణలో ఆంగ్లేయులు వేళాకోళముగా ‘ఐ యామ్ ఫ్యామిష్డ్’ అని భోజనమునకు గూర్చుందురు. మాటలాడునప్పుడు ఎదుటివాడు ముఖమును జూచి హాస్యమని గ్రహించును. వ్రాతలో ముఖము కనబడదు. కావున పరీక్షాపత్రమునందును, విజ్ఞాపనపత్రమునందును, వార్తయందును ఈ యతిశయోక్తిని విడిచిపెట్టుడు.

4. ర్యావెనస్, వొరేషియస్

‘ర్యావెనస్’ అను పదమును జూచి, ‘రేవెన్’ అను పేరుగల కాకిజాతి పక్షినుండి పుట్టినదని పలువురు భ్రమపడుదురు. అది నిజము కాదు. దోపిడి యను నర్థముగల లాటిను పదమునుండి ఫ్రెంచి ద్వారమున ఇది వచ్చినది. లాగికొని మ్రింగు నాతురత దీని జీవము. తోడేళ్లకును, ఎదుగు వయస్సు బాలుని యాకలికిని ఇది తగును: ‘ఎ ర్యావెనస్ యాపెటైట్.’ ‘వొరేషియస్’ అను పదమునకు మ్రింగుట యని మూలార్థము. దానిని గ్రంథపఠనమునకు గూడ చెప్పుదురు: ‘ఎ వొరేషియస్ రీడర్.’

ఇచ్చట నొక ముఖ్యభేదమును గమనింపుడు. ‘ర్యావెనస్’ అనునది తినవలయునను కోరికను దెలుపునుగాని, ఎంతకాలము తినలేదో దెలుపదు. క్షామపీడితుని వర్ణించునప్పుడు ఈ పదమును వాడుట తరచుగా అసత్యమగును. ఏలయన, మిక్కిలి కృశించిన దేహమున ఆకలియే నశించుచుండును. తీవ్రపోషణలోపముగల శిశువునకు నేడు వైద్యులు ముందుగా ఆకలిపరీక్ష చేయుదురు. చికిత్సకై యిచ్చు ఆహారమును శిశువు తినగలిగినచో, వేరు ఉపద్రవములు లేనియెడల, ఇంటివద్దనే యుంచి చికిత్స సాగింతురు. తినలేనిచో వైద్యశాలలో చేర్చుకొందురు. తినవలయునను కోరిక లేకపోవుటయే అపాయసూచకమని వారి మతము. అట్టి శిశువును ‘ర్యావెనస్’ అని వర్ణించినవాడు ఆ శిశువును జూడనివాడే.

5. స్టార్వ్

ఇక మన పాఠమునకు మూలమైన క్రియ. ప్రాచీనాంగ్లమున ‘స్టెయోర్ఫన్’ అని దీని రూపము. చనిపోవుట యని యర్థము. ఏ కారణముచే చనిపోయినను ఈ క్రియయే చెల్లుచుండెను. జర్మనుభాషలో ‘స్టెర్బెన్’ అను సోదరక్రియ నేటికిని చనిపోవుట యను నర్థముననే యున్నది. ఆంగ్లమున కాలక్రమమున అర్థము సంకుచితమై, చలిచేతనో ఆకలిచేతనో చనిపోవుట యని నిలిచి, తుదకు ఆకలియే మిగిలినది. పిమ్మట చావు తప్పనిసరి కాక, ఆహారములేక క్షీణించుట యను నర్థమును గలిగినది. ‘స్టార్వేషన్’ అను నామవాచకము మిక్కిలి తరువాత పుట్టినది. జర్మానిక మూలముగల క్రియకు లాటిను ప్రత్యయమును చేర్చుటచే నేర్పడిన మిశ్రపదమిది. 18వ శతాబ్దమున వ్యాప్తికి వచ్చినది.

ప్రయోగనియమములను వరుసగా జెప్పెదను.

మొదటిది: ‘స్టార్వింగ్’ అని వ్రాయునప్పుడు క్రియ చివరనున్న ‘ఇ’ అను నక్షరము లోపించును.

రెండవది: ఈ క్రియ అకర్మకము, సకర్మకము గూడ. ‘ది టౌన్ స్టార్వ్డ్’ అనగా పట్టణము ఆకలిచే మాడినది. ‘దే స్టార్వ్డ్ ది టౌన్’ అనగా శత్రువులు పట్టణమును ఆకలిచే మాడ్చిరి. రెండవ వాక్యమున నేరముచేసినవా డున్నాడు, మొదటిదానిలో లేడు. కర్తను దాచవలెనని కోరువారు అకర్మకమును ఆశ్రయింతురు.

మూడవది: ‘హి స్టార్వ్డ్’ అను వాక్యము సందిగ్ధము. వాడు చనిపోయెనా, బాధపడి బ్రదికెనా తెలియదు. చనిపోయినచో ‘హి స్టార్వ్డ్ టు డెత్’ అని స్పష్టపరుపవలయును. ఇందు పునరుక్తి యున్నదని కొందరు శంకింతురు. ప్రాచీనార్థమును బట్టి పునరుక్తియే గాని, నేటి యర్థమున గాదు.

నాలుగవది: విభక్త్యర్థకములు. ‘డై’ అను క్రియకు ‘ఆఫ్’ చేర్చి ‘డై ఆఫ్ హంగర్’ అనవలయును. ‘డై బై హంగర్’ అనుట దోషము. ‘డెత్ ఫ్రమ్ స్టార్వేషన్’ అనుట సాధువు. మన దేశపు పత్రికలలో ‘స్టార్వేషన్ డెత్’ అను సమాసము స్థిరపడినది. ‘ఆకలిచావు’ అను మన మాటకు అది సమానము.

ఐదవది: అలంకారప్రయోగము. ‘స్టార్వ్డ్ ఆఫ్ అఫెక్షన్’ అనగా ప్రేమ కరవైనవాడు. ఇది తప్పు కాదుగాని మితముగా వాడదగినది.

ఈ క్రియ దేహమున జరుగు మార్పును దెలుపునదని మరువరాదు. అమెరికాలోని మినసోటా విశ్వవిద్యాలయమున 1944–45 సంవత్సరములలో యాన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులపై నొక పరీక్ష చేసెను. వారు స్వచ్ఛందముగా వచ్చినవారు. 24 వారములు వారికి సగపు ఆహారమువంటిది మాత్రమే పెట్టిరి. వారి బరువు సుమారు నాలుగవవంతు తగ్గెను. బలము క్షీణించెను, చలి యెక్కువగా తోచెను, ఉత్సాహము పోయెను. రాత్రింబవళ్లు తిండిని గూర్చిన తలపే మిగిలెను. వారికి ఆహారము పూర్తిగా లేకపోలేదు, చాలినంత లేకపోయినది. అయినను శాస్త్రజ్ఞులు దానిని ‘సెమీ స్టార్వేషన్’ అనిరి. ‘అర్ధ’మను విశేషణమును చేర్చుటకు వారు మరువలేదు, మాటను తూచి వాడుట యనగా నిదియే.

ఇట్లు క్షీణించిన దేహము తిండి దొరకినంతనే స్వస్థము కాదు. యుద్ధాంతమున 1945లో నిర్బంధశిబిరములనుండి విడుదలయైనవారిలో కొందరు, ఒక్కమారుగా పుష్టికరమైన ఆహారమును భుజించి మరణించిరి. అట్టివారికి కొద్దికొద్దిగా ఆహారము నలవరచవలయునని వైద్యులు చెప్పుదురు. ఒక గంట యాలస్యమైన భోజనమునకు ఇట్టి జాగ్రత్త యక్కరలేదు. అందుచేతనే మన మొదటి బాలునికి ‘స్టార్వింగ్’ అను పదము చెల్లదు.

6. ఫాస్ట్

ఉపవాసమును దెలుపు ఈ పదమునకు గట్టిగా పట్టుకొనుట, దృఢముగా నిలుచుట యని మూలార్థము. ఇందు సంకల్పము ప్రధానము. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మదరాసులో ప్రారంభించి, డిసెంబరు 15న ప్రాణము విడుచువరకు ఆహారము ముట్టలేదు. ఆయన దేహము ఆకలిచే నశించినది నిజమే. అయినను ఆయన చేసినదానిని ‘ఫాస్ట్’ అనియే వ్రాయవలయును. ‘హి స్టార్వ్డ్’ అని మాత్రమే వ్రాసినచో ఆయన సంకల్పమును తుడిచివేసినవారమగుదుము. అట్లే పని లేక పస్తున్నవానిని ‘ఫాస్టెడ్’ అని వ్రాసినచో, లేని సంకల్పమును వానికి అంటగట్టినవారమగుదుము.

7. రాజ్యవ్యవహారమున ఈ పదములు

ఇంతవరకు ఒక వ్యక్తిని గూర్చిన ప్రయోగమును జూచితిమి. ఒక ప్రాంతము, ఒక రాజ్యము విషయమున ఈ పదములు మరింత బరువెక్కును. ప్రభుత్వపత్రమున వ్రాయబడిన మాటను బట్టి గంజికేంద్రము తెరువబడుటయో, తెరువబడకపోవుటయో జరుగును.

మన పెద్దలు నందన కరువనునది 1832–33లో గుంటూరు ప్రాంతమును నాశనముచేసిన క్షామము; ధాత కరువనునది 1876–78లో దక్షిణాపథమును పీడించిన మహాక్షామము. సంవత్సరనామముతో కరువును గుర్తుంచుకొనుట మనవారి పద్ధతి. ధాత కరువునాడు సర్ రిచర్డ్ టెంపుల్ అను నధికారి, సహాయపు పనులలో కూలిచేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును స్వల్పమైన పైకమును చాలునని 1877లో నిర్ణయించెను. మదరాసు రాజధాని ఆరోగ్యశాఖాధికారియైన డాక్టరు కార్నిష్, కష్టించి పనిచేయు దేహమునకు అది చాలదని వాదించెను. ఆ వాదము ధాన్యపు తూకమును గూర్చినది. ఆ తూకములోనే ‘హంగర్’కును ‘స్టార్వేషన్’కును నడుమనున్న గీత యుండెను. ఆ యేడే కూలి తిరిగి పెంపబడెను.

ఆ క్షామము పిమ్మట నేర్పడిన కమిషను 1880లో నివేదిక నిచ్చెను. దానిని బట్టి క్షామనిబంధనలు పుట్టినవి. ‘స్కేర్సిటీ’ యనగా కొరత, ‘ఫ్యామిన్’ అనగా క్షామము; ఏది ప్రకటింపబడినచో ఏ సహాయము చేయవలయునో వానిలో వ్రాయబడెను. అయినను 1943లో వంగదేశమున లక్షలకొలది జనులు మరణించుచుండగా క్షామమని ప్రకటన వెలువడలేదు. కలకత్తా నగరపు ‘స్టేట్స్‌మన్’ పత్రిక ఆ సంవత్సరము ఆగస్టు 22న వీథులలోని బాధితుల ఛాయాచిత్రములను ప్రకటించెను. అధికారులు పలుకని మాటను చిత్రములు పలికినవి.

ఆ క్షామమును బాల్యమున జూచిన అమర్త్య సేన్ పండితుడు 1981లో ప్రకటించిన ‘పావర్టీ అండ్ ఫ్యామిన్స్’ అను గ్రంథమున ‘స్టార్వేషన్’ అను పదమునే తొలుత విడదీసి చూపెను. కొందరికి తినుటకు చాలినంత లేకపోవుట యొకటి, దేశమున చాలినంత తిండి లేకపోవుట మరియొకటి. రెండవది లేకయే మొదటిది కలుగవచ్చునని ఆయన సిద్ధాంతము. దుకాణమున బియ్యముండవచ్చును, కొనువాని చేతిలో రూక లేకపోవచ్చును. కావున ‘దేర్ ఈజ్ నో స్టార్వేషన్, బికాజ్ దేర్ ఈజ్ రైస్ ఇన్ ది మార్కెట్’ అను వాక్యమున వ్యాకరణదోషము లేదు, తర్కదోష మున్నది.

నేడు అంతర్జాతీయ సంస్థలు క్షామమును అంకెలతో నిర్వచించుచున్నవి. ఒక ప్రాంతమున నూటికి 20 కుటుంబములకు ఆహారము అత్యంతముగా కొరవడి, నూటికి 30 మంది శిశువులు తీవ్రముగా కృశించి, దినమునకు పదివేలమందిలో ఇద్దరు మరణించుచున్నచో, దానిని ‘ఫ్యామిన్’ అందురు. 2011లో సోమాలియాయందును, 2017లో దక్షిణ సుడానునందును ఇట్లు ప్రకటించిరి. ఈ మెట్టునకు చేరని ప్రాంతమున ఆకలి లేదని దీని యర్థము కాదు. ఒక్క యింటి ఆకలికి ‘ఫ్యామిన్’ అను పేరు చెల్లదు. ‘హంగర్’ అను పేరు చెల్లును, దుస్సహమైనచో ‘స్టార్వేషన్’ అను పేరును చెల్లును.

8. మన యూరి సంగతి

ఇప్పుడు మన ముంగిటికి వత్తము. సిరిసిల్ల పేరులోనే సిరి యున్నది. అయినను 20వ శతాబ్దాంతమునను, 21వ శతాబ్దారంభమునను, ఇచ్చటి నేతపనివారి బలవన్మరణముల వార్తలు రాష్ట్రమంతటను వ్యాపించినప్పుడు, ఈ యూరిని ‘ఉరిసిల్ల’ అని పిలిచిరి. ఒక్క యక్షరముతో నూరి పేరు మారిపోయెను.

ఆ దినముల వార్తలలో ఆకలిచావులు, ఆత్మహత్యలు అను మాటలు ప్రక్కప్రక్కన నుండెను. ఆంగ్లమున వ్రాయువాడు ‘డెత్ ఫ్రమ్ స్టార్వేషన్’, ‘సూయిసైడ్’ అను రెంటిని కలిపివేయరాదు. మొదటిది దేహమునకు ఆహారము లేక కలిగిన మరణమని చెప్పును. రెండవది ఒక కృత్యమును చెప్పును. అయితే ఒక మాటను జూపి రెండవదానిని కాదనుటయు న్యాయము కాదు. అప్పులచే ప్రాణము విడిచినవాని యింటిలో అంతకుముందు ఎన్ని పూటలు పొయ్యి వెలుగలేదో విచారింపకుండ, ‘ఇది ఆకలి సంగతి కాదు’ అని వ్రాయరాదు. అట్లే ఆకలిచే క్షీణించినవానికి తుదకు విరేచనములో ఊపిరితిత్తుల జ్వరమో సోకును. మరణపత్రమున ఆ రోగము పేరే యుండును. క్షామములలో పెక్కుమంది ఇట్లు రోగములచేతనే మరణింతురు. కావున సత్యము తెలియగోరువాడు పత్రమును మాత్రమే గాక, ఇంటివారిని గూడ అడుగవలయును.

మీలో పలువురు ఎరిగినదే యైనను, ఇతర ప్రాంతముల పాఠకులకై మన వృత్తిక్రమమును చెప్పెదను. మరమగ్గమును మన యూరివారు సాంచె యందురు. పెద్ద యజమాని నూలిచ్చును. ఆసామి తన సాంచెలపై గుడ్డ నేయించును. కార్మికునకు నేసిన మీటరునకింత యని కూలి ముట్టును. స్త్రీలు కండెలు చుట్టుదురు, బీడీలు చుట్టుదురు. బీడీలకు వేయింటికింత యని కూలి. బొంబాయి, సూరతు బజారులలో గుడ్డ ధర పడినచో యజమాని నూలు ఆపును, ఆసామి సాంచె ఆపును, కార్మికుని కూలి ఆగును. ఆ దినమున సిరిసిల్ల దుకాణములలో ఒక్క బియ్యపుగింజయు తగ్గదు. సేన్ పండితుడు చెప్పిన భేదము మన వీథిలోనే యున్నది. మరల పని కలిగినప్పుడు, 2017లో బతుకమ్మ చీరల నేతపని ఈ మగ్గముల కొప్పగింపబడినప్పుడు కలిగినట్లు, అదే దుకాణమున బియ్యము కొనువారు వత్తురు.

ఆహారము హక్కని వాదించుచు 2001లో సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలయ్యెను. ప్రాథమిక పాఠశాలలలో వండిన మధ్యాహ్నభోజనమును పెట్టవలయునని ఆ సంవత్సరము నవంబరు 28న న్యాయస్థానము ఆజ్ఞాపించెను. 2013 నాటి ఆహారభద్రతాచట్టము, అర్హులైనవారికి మనుష్యునకు నెలకు 5 కిలోల ధాన్యమును, నిరుపేదలైన అంత్యోదయ కుటుంబములకు 35 కిలోలను నిర్ణయించెను. అందుచే బియ్యమున్నను పప్పును, కూరయు, పాలును లేని యిండ్లుండును. అట్టి స్థితిని ‘స్టార్వేషన్’ అనక, ‘మాల్‌న్యూట్రిషన్’ అనవలయును. పోషణలోపమని దాని యర్థము. పస్తును పోషణలోప మనుటయు, పోషణలోపమును పస్తనుటయు రెండును తప్పులే. మొదటి తప్పు బాధను తగ్గించి చెప్పును. రెండవది పెంచి చెప్పును. పెంచి చెప్పినవానిని ఒకమారు తప్పుపట్టినచో, పిమ్మట వాడు నిజము చెప్పినను ఎవరును నమ్మరు.

9. మూడు ప్రశ్నలు

ఏ పదమును వాడవలయునో తోచనప్పుడు ఈ మూడు ప్రశ్నల నడుగుడు. ఆహారము లేక ఎంతకాలమైనది? మానినది తన యిష్టముచేతనా, దొరకకనా? దేహమున క్షీణత కలిగినదా? ఒక పూట యాలస్యమైనచో ‘హంగ్రీ’. దొరకక పూటలు గడచినచో ‘గో హంగ్రీ’. ఇష్టముచే మానినచో ‘ఫాస్ట్’. దీర్ఘకాలము లేక దేహము క్షీణించినచో ‘స్టార్వ్’. తినవలయునను ఆతురతను దెలుపుటకు ‘ర్యావెనస్’. ప్రాంతమంతటికి సంభవించినచో ‘ఫ్యామిన్’.

అభ్యాసము

ఈ క్రింది వాక్యములను ఆంగ్లీకరించి, మీ యుపాధ్యాయునకు జూపుడు. ఒక్కొక్కచోట ఆ పదమునే యేల యెన్నుకొంటిరో మాతృభాషలో ఒక వాక్యము వ్రాయుడు.

అ) బడినుండి వచ్చిన చెల్లెలికి మిక్కిలి ఆకలిగా నున్నది.
ఆ) శివరాత్రినాడు మా యవ్వ వేములవాడకు బోయి ఉపవాస ముండెను.
ఇ) ముట్టడివేసిన సైన్యము కోటలోనివారిని ఆకలిచే మాడ్చెను.
ఈ) ఆటలు ముగిసిన పిమ్మట బాలురు తోడేళ్లవలె అన్నముపై బడిరి.
ఉ) ధాత కరువున అనేకులు ఆకలిచే మరణించిరి.
ఊ) పని దొరకనందున ఆ యింటివారు రెండు దినములు పస్తుండిరి.

కడపటి వాక్యము మీ సహాధ్యాయునిదే. మరునాడు ఆ పుస్తకమును మరల తెప్పించి, సరియను గుర్తును కొట్టివేసి, వానిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని అర్థమడిగితిని. ‘పండుగయా?’ అని యడుగగా, ‘కాదు సార్, ఇంట్ల బియ్యం లేకుండె’ అని తలవంచుకొని చెప్పెను. రెండు దినములే గావున ‘స్టార్వ్డ్’ అను పదమును వానికి సూచింపలేదు. ‘వి వెంట్ హంగ్రీ ఫర్ టూ డేస్, బికాజ్ దేర్ వాజ్ నో వర్క్’ అని యిద్దరము కలిసి వ్రాసితిమి. కారణమును తెలుపు రెండవ భాగమును వాడే చేర్చెను.

విద్యార్థులారా, ఇంట పొయ్యి వెలుగని దినమున, లేక పెద్దల మనస్సు మిక్కిలి క్రుంగియున్నదని మీకు తోచిన దినమున, ఆ సంగతిని ఉపాధ్యాయులతో చెప్పుటకు సిగ్గుపడకుడు. తెలుగున చెప్పినను చాలును. రేపు మీలో కొందరు గుమాస్తాలును, పత్రికావిలేఖరులును, వైద్యులును, అధికారులును కాగలరు. ఒక యింటి యాకలిని గూర్చి ఒక్క పంక్తి వ్రాయవలసిన దినము మీకు వచ్చును. ఆనాడు ఈ మూడు ప్రశ్నలను జ్ఞప్తికి దెచ్చుకొని, ఉన్నదానికన్న ఎక్కువయు తక్కువయు గాని మాటను వ్రాయుడు.